దేని పక్కన పెద్ద?

పోయిన ఆదివారం మా చర్చికి బయటి ఊరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. ఆయనది ఇంగ్లీషు. పక్కన మా యవ్వనస్థుల సంఘం కుర్రవాడు నిలబడి తెలుగులోకి తర్జుమా చేశాడు. ప్రసంగీకుడు చెయ్యి పైకెత్తి 'బిగ్ గాడ్' అంటే వీడూ చెయ్యి పైకెత్తి 'పెద్ద దేవుడు' అన్నాడు. 'బిగ్ ప్లాన్' అంటే 'పెద్ద ప్రణాళిక'. 'బిగ్ బ్లెస్సింగ్' అంటే 'పెద్ద ఆశీర్వాదం'. ప్రతిదానికీ సంఘం ఆమెన్ అంటోంది. నేను మాత్రం అనలేకపోయాను. నా చెవి ఆడవాళ్ళ వైపు మూడో బెంచీ మీద ఉంది. అక్కడి నుంచి ఒక పొడి దగ్గు రావాలి. ఆ వెంటనే "ఆగు బిడ్డా" అనే మాట రావాలి.

రాలేదు. ఈ వానాకాలం మొదట్లోనే ఆమె ప్రభువునందు నిద్రించింది. అది తెలిసి తెలిసీ నేను బెంచీ వైపు తిరిగి చూశాను. ఏడుపు రావలసిన చోట నవ్వు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. మగవాళ్ళ వైపు నుంచి మా ఆయన గుడ్లురిమాడు. ఇంతలో ప్రసంగీకుడు మళ్ళీ 'బిగ్' అన్నాడు, కుర్రవాడు మళ్ళీ 'పెద్ద' అన్నాడు. మా ఆయన చూపు కూడా మూడో బెంచీ మీదికి పోయింది. ఆ తర్వాత ఆయన భుజాలు కదలడం నాకు కనిపించింది.

మేమంతా ఆమెను రష్యా టీచరమ్మ అనేవాళ్ళం. ఆ పేరు ఆమెకు నచ్చేది కాదు. "రష్యాది గాదు, కాజీపేటదాన్ని. మా నాయిన ఈ స్టేషన్లనే జెండా ఊపిండు" అనేది. రైల్వే వాళ్ళమ్మాయి చదువుకోవడానికి అంత దూరం ఎలా వెళ్ళింది, అక్కడ ఎన్నేళ్ళుంది, పెళ్ళెందుకు చేసుకోలేదు అని మా ఆడవాళ్ళ కూటంలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉండేవారు. "చాయ్ చల్లారుతాంది, తాగుండ్రి" అనేది. అదే జవాబు. ఆ చాయ్‌లో పాలు ఉండవు. నిమ్మచెక్క ఒకటి తేలుతుంటుంది. పక్కన చిన్న గిన్నెలో ఉసిరికాయ మురబ్బా. చెంచాడు మురబ్బా నోట్లో పెట్టుకుని దాని మీదుగా చాయ్ తాగాలి. అక్కడ చెర్రీ పళ్ళతో చేస్తారట. ఇక్కడ దొరకవు కనుక ఉసిరికాయలు. మొదటిసారి తాగినవాళ్ళ ముఖం చూడటం ఆమెకు పెద్ద వినోదం.

మనిషి పొట్టి. ఎండాకాలం తప్ప మిగతా కాలమంతా ఊదారంగు స్వెట్టరు. మాట్లాడేటప్పుడు రెండు అరచేతులు ఎదురెదురుగా పెట్టి, బట్టల కొట్టువాడు గుడ్డ కొలిచినట్టు, ఒకసారి దగ్గరికి, ఒకసారి దూరానికి జరుపుతూ ఉండేది. సరైన మాట దొరికినప్పుడు ఆ చేతులు ఆగిపోయేవి. దొరకకపోతే ఎదుటివాళ్ళు ఎవరైనా సరే, ఎంత తొందరలో ఉన్నా సరే, ఆగాల్సిందే.

ప్రసంగాల్లోనూ అంతే. ఒకసారి దావీదు కథ చెబుతున్న ప్రసంగీకుడు గొల్యాతును 'బిగ్ మ్యాన్' అన్నాడు. తర్జుమా చేసేవాడు 'పెద్దమనిషి' అనేశాడు. మూడో బెంచీ నుంచి దగ్గు.

"ఆగు బిడ్డా. గొల్యాతు పెద్దమనిషి ఎట్లయితడు? వాడు పొడుగోడు, అంతే. జక్కయ్య పొట్టోడు గని, యేసు పిలిస్తే చెట్టు దిగి సగం ఆస్తి బీదోళ్ళకిచ్చినంక పెద్దమనిషి అయిండు."

సంఘమంతా నవ్వింది. ఏం జరిగిందో తెలియక ఆ ప్రసంగీకుడు కూడా నవ్వాడు. మా పాస్టరు అయ్యగారు ఆ తర్వాత ఆ మాట మీదనే ఒక ఆదివారం ప్రసంగం చేశారు.

ఈ మధ్య మా పిల్లలు చాలామంది డాక్టరు చదువుకు రష్యా పోతున్నారు కదా. కాజీపేట, హనుమకొండ, పరకాల నుంచి కూడా వచ్చేవారు ఆమె దగ్గర నాలుగు మాటలు నేర్చుకుని పోవడానికి. ఆరాధన అయ్యాక మా ఆదివారపు బడి గదిలో క్లాసు. చిన్నపిల్లల నీలం కుర్చీలు అవి. గడ్డాలు మొలిచిన పిల్లలు వాటిలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేవారు. ఆదివారపు బడి చెప్పేది నేనే, ఆ గది తాళం నా దగ్గర ఉండేది కనుక నేనూ ఒక మూలన కూర్చునేదాన్ని. మొదట ప్రార్థన. "ప్రభువా, ఈ పోరగాండ్ల నాలుకలు జర వదులు చెయ్యి" అని అంతే. ఆ తర్వాత మొదటి పాఠం. ఎప్పుడూ అదే పాఠం, 'బిగ్'.

"బిగ్‌ను రష్యన్ల ఏమంటరు టీచరమ్మా?"

"దేని పక్కన?"

"దేని పక్కన లేదు. ఊరికే బిగ్."

"ఊరికే బిగ్ అనేటిది ఈ లోకంల లేదు బిడ్డా. దేని పక్కన పెద్దగున్నదో చెప్పు. మాట నేను చెప్త."

అప్పుడామె సంచీలోంచి రెండు చిన్న పొట్లాలు తీస్తుంది. ఒకదాంట్లో సన్నబియ్యం, ఇంకోదాంట్లో లావు గింజల దొడ్డుబియ్యం. ఆ రెండోదే విప్పి చూపిస్తుంది.

"ఇవేం బియ్యం?"

"దొడ్డుబియ్యం."

"పెద్ద బియ్యం అనవైతివి?"

"బియ్యాన్ని గట్లెవరంటరు టీచరమ్మా!"

"మరి నీ అన్నను దొడ్డన్న అంటవా?"

"తంతడు. లావుగున్నడా అని."

"వానను?"

"జోరువాన అంట."

"చూసినవా? నీ భాషల నీకు ఎర్కనే ఉన్నది. ఆ భాష కాడికి వచ్చెసరికే గీ సోమరితనం ఎందుకు?" అని అరచేతులు దగ్గరికి తెచ్చేది. "గింజ దొడ్డుగుంటే క్రూప్నీ. వాన జోరుగుంటే సీల్నీ. అన్న పెద్దోడైతే స్తార్షీ. ఇల్లు పెద్దగుంటే బల్షోయ్."

వాళ్ళలో ఒక తెలివైనవాడు, ఎప్పుడూ ఒకడుంటాడు, అడిగాడు. "గిన్ని ఎందుకు టీచరమ్మా, బల్షోయ్ ఒక్కటి నేర్చుకుంట. నడువదా?"

"నడుస్తది. రొట్టె దొరుకుతది. బస్సు ఎక్కుతవు. కాని రేపు ఒక ముసలవ్వ మంచం పక్కన నిలబడ్తవు. ఆమె నొప్పి అంటది. ఎంత నొప్పో నువ్వు అడగాలె. ఇల్లును అడిగిన మాటతోని నొప్పిని అడుగుతవా?"

వాడు నోట్సు తెరిచి నాలుగు మాటలూ రాసుకున్నాడు. ఇప్పుడు వాడు పిల్లల డాక్టరు.

నాకూ ఆమెకూ ఒకసారి తగాదా అయింది. ఆ భాషలో దేవుని గొప్పతనం చెప్పే మాటా, కాలికి వదులైన చెప్పును గురించి చెప్పే మాటా ఒకే వేరు నుంచి వచ్చాయని ఆమె క్లాసులో చెప్పింది. రెండింటికీ 'వెలీక్' అనవచ్చునట. నేను చిన్నప్పటి నుంచీ వాక్యంలో పెరిగినదాన్ని. మూలన కూర్చున్నదాన్ని లేచి నిలబడ్డాను.

"దేవునికీ చెప్పుకూ ఒక్కటే మాటనా టీచరమ్మా? పిల్లల ముందట గదేం ముచ్చట?"

ఆమె కోప్పడలేదు. తన చెప్పు విడిచి, నా కాలి ముందు పెట్టింది. నా కాలికి అది చిన్నది. నా చెప్పు తన కాలికి వేసుకుని గదిలో అటూ ఇటూ నడిచింది. టపటపమని చప్పుడు. పిల్లలు నవ్వుతున్నారు.

"చూడు. చెప్పు నా కాలికి పెద్దగైంది. దేవుడు నా బుద్ధికి పెద్దగైతడు. రెండిట్ల చిన్నగున్నది నేనే. తప్పేమన్నదా?"

తప్పు దొరకలేదు. ఆ వచ్చే ఆదివారం అదే చెప్పు తీసి మా బడి పిల్లలకు చూపించాను. దేవుడు ఎంత గొప్పవాడని వాళ్ళు ఇప్పుడు అడగరు. వాళ్ళ నాయిన బూట్లు వేసుకుని చర్చికి వస్తారు.

ఇక మా ఇంటి సంగతి. ఆమె అసలు ఎలాంటి మనిషో నాకు అక్కడే తెలిసింది.

మా పెద్దకొడుకు కూడా ఆ నీలం కుర్చీలో కూర్చుని నేర్చుకుని పోయినవాడే. చదువు అయ్యాక వస్తూ వస్తూ లేన అనే పిల్లను గురించి చెప్పాడు. అక్కడ వాడితోపాటు చదివిన పిల్ల. మొదట నా గుండె జారింది. వాళ్ళ ఆరాధన వేరు, కొవ్వొత్తులు వేరు. కాని పిల్ల వచ్చి మా ఇంట్లో కుటుంబ ప్రార్థనలో మోకాళ్ళూనినప్పుడు నాకు సందేహం పోయింది. వేరే భాషలో ప్రార్థించినా ఎవరితో మాట్లాడుతోందో తెలుస్తూనే ఉంది. అయ్యగారు కూడా మాట్లాడి సంతోషించారు.

లేన ఒక్క మాట మీద నిలబడింది. తండ్రి లేడు. తల్లి రొట్టెల కార్ఖానాలో పనిచేసి పెంచింది. ఆ తల్లి వచ్చి, మా ఇల్లు చూసి, తన నోటితో సరే అనాలి. అనకపోతే పెళ్ళి లేదు, తల్లితోపాటే తిరిగి పోతుంది. మావాడు ఎంత బతిమాలినా ఆ మాట మారలేదు. అలాంటి కూతుర్ని నేను మెచ్చుకున్నాను కూడా.

తల్లి వచ్చింది. క్రిస్మస్ పోయిన కొత్త. మేం శాలువాలు కప్పుకుంటుంటే ఆమె పొట్టి చేతుల గౌనుతో తిరుగుతోంది. స్వెట్టరు వేసుకున్న టీచరమ్మ పక్కన నిలబడితే ఇద్దరూ రెండు కాలాల్లో ఉన్నట్టున్నారు. మాటముచ్చట మా ముందుగదిలో పెట్టుకున్నాం.

మాటముచ్చట అంటే మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మాట్లాడేది పెద్దమనుషులు. పిల్లవాని తల్లి నోరు విప్పకూడదు. విప్పితే ఆత్రం అంటారు. మా పెళ్ళి మాటల్లో మా అత్తమ్మ తలుపు పక్కన ఒక్క మాట మాట్లాడకుండా కూర్చుంది. ఎంత మర్యాదస్తురాలని ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకని నేనూ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, వంటింటి తలుపు పక్కన పీట మీద, తల వంచుకుని కూర్చున్నాను. ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీల్లో అయ్యగారు, సంఘ పెద్దలు. మా ఆయన కూడా ఊరుకోవలసినవాడే. కాని రైల్వే గార్డుగా రిటైరైన మనిషి, ఇంగ్లీషు వచ్చిన మనిషి. ఊరుకోలేకపోయాడు. అయ్యగారు ప్రార్థన ముగించడమే ఆలస్యం, లేచాడు.

"మేడమ్, వి ఆర్ బిగ్ ఫ్యామిలీ. వెరీ బిగ్. హి ఈజ్ మై బిగ్ సన్. అవర్ చర్చ్ ఆల్సో బిగ్. మ్యారేజ్ ఆల్సో వి విల్ డూ బిగ్."

లేన తల్లికి ఇంగ్లీషు రాదు. టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ దగ్గింది.

"ఆగు బిడ్డా. దేని పక్కన పెద్ద?"

"టీచరమ్మా, గిది క్లాసు గాదు. జెల్ది చెప్పుండ్రి."

"క్లాసైతే తప్పు చెప్పినా నడుస్తది. పెండ్లి మాట ఇది. కుటుంబం మందిల పెద్దదా, పేర్ల పెద్దదా, మనసుల పెద్దదా?"

"అన్నిట్ల పెద్దదే అని చెప్పుండ్రి!"

"ఎక్కువైతది. ఒక్కటి చెప్పు."

సంఘ పెద్దలు నవ్వారు. మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "మందిల" అని గొణిగాడు. ఆమె చేతులు ఆగాయి. ఒక్కొక్క 'బిగ్'కూ ఒక్కొక్క మాట వెతికి చెప్పింది. కొడుకును స్తార్షీ అన్నది నాకు వినిపించింది. ఆ తర్వాత పెద్దలు ఒకరి తర్వాత ఒకరు లేచారు. పిల్లవాడు బంగారం అన్నారు, ఇల్లు సాక్ష్యం గల ఇల్లు అన్నారు. టీచరమ్మ అన్నీ చెబుతూనే ఉంది. లేన తల్లి తల ఊపుతోంది. కాని మధ్య మధ్య నా వైపే చూస్తోంది. ఆమె చూసినప్పుడల్లా నేను మర్యాదగా ఇంకా కొంచెం తల వంచాను.

చివరికి ఆమె లేన చెయ్యి పట్టుకుని మెల్లగా ఏదో అంది. టీచరమ్మ కళ్ళద్దాలు తీసి స్వెట్టరు అంచుతో తుడిచింది. పెట్టుకుని ఆ తల్లి మాటను తెలుగులో చెప్పింది.

"నేను ఇంత దూరం ఒక్క మనిషిని చూద్దామని వచ్చిన. ఈడ అందరు మాట్లాడిండ్రు, ఆమె ఒక్కతే మాట్లాడలే. నా మొఖం గూడ చూస్తలేదు. ఆమెకు నా బిడ్డ ఇష్టం లేదని సమజైంది. గింత మందిల, ఇష్టం లేని అత్త చేతిల నా ఒక్క బిడ్డను ఎట్ల విడిచిపోవాలె? ఎల్లుండి బండికి మేమిద్దరం పోతం. కోపం చెయ్యకుండ్రి."

మావాడు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు, వాడి ముఖంలో నెత్తురు లేదు. లేన ఏడుస్తోంది కాని తల్లి చెయ్యి వదలడం లేదు. నా మర్యాద నా మెడకే చుట్టుకుంది.

"అది మా రివాజు అని చెప్పుండ్రి టీచరమ్మా!" అని మా ఆయన అరిచాడు.

"చెప్తే వింటది. నమ్మది" అంది టీచరమ్మ. నా వైపు తిరిగింది. "నువ్వు లే. మాట్లాడు."

నేను లేవలేదు. "పెద్దమనుషులు కూసున్నరు గద టీచరమ్మా, నేనెట్ల..."

సంఘ పెద్దల్లో ఒకాయన కూడా, "పిలగాని తల్లి మాట్లాడుడు మన దగ్గర లేదమ్మా" అన్నాడు.

టీచరమ్మ ఆయన జోలికి పోలేదు. అయ్యగారిని అడిగింది.

"అయ్యగారూ, కానా ఊరి పెండ్లిల ద్రాక్షారసం అయిపోయిందని మొట్టమొదలు నోరు తెరిచింది ఎవరు?"

అయ్యగారు, "యేసు తల్లి" అన్నారు.

"పెద్దమనుషులు ఆడ గూడ కూసునే ఉండిరి గద?"

అయ్యగారు పకపక నవ్వారు. "లే తల్లీ, మాట్లాడు. కుండలు ఖాళీగున్నయి" అన్నారు.

లేచాను. గొప్ప మాటలన్నీ మా ఆయన, పెద్దలు వాడేశారు. నాకు మిగిలింది ఒక్కటే కనిపించింది, అదే అన్నాను.

"మా ఇల్లు చిన్నది."

"అయ్యో" అన్నాడు మా ఆయన, అందరికీ వినపడేలా.

"వంటిల్లు ఇంకా చిన్నది. ఇద్దరం నిలబడితే మూడోది పిల్లి గూడ పట్టది. ఇన్నేండ్లు దాంట్ల నేనొక్కదాన్నే. మీ బిడ్డ వచ్చిన కాడికెల్లి పొద్దుగాల లేచి నా పక్కకే వచ్చి నిలబడ్తాంది. నా మాట ఆమెకు రాదు, ఆమె మాట నాకు రాదు. ఇద్దరం చాయ్ పొంగెదాక గిన్నెనే చూస్తం. ఆమె జర తానానికి పోతే నాకు వంటింట్ల తోస్తలేదు. నాకు ఆడపిల్ల లేదమ్మా. ఇష్టం లేక కాదు నేను తల వంచుకున్నది. మీ ముందట మంచిగ కనబడాలని."

టీచరమ్మ నా భుజానికి భుజం ఆనించి నిలబడింది. నేను ఆగిన చోటల్లా ఆమె చెప్పింది. దగ్గు లేదు, అరచేతుల కొలత లేదు. దేని పక్కన చిన్న అని ఒక్కసారి కూడా అడగలేదు.

లేన తల్లి నన్నే చూస్తూ విన్నది. విన్నాక ఒక ప్రశ్న వేసింది. టీచరమ్మ ముఖం దీపం వెలిగినట్టు వెలిగింది.

"మీ వంటిల్లు దేని పక్కన చిన్న? గీ ప్రశ్న నాది గాదు, ఆమెదే!"

గదంతా నవ్వులు. మా ఆయన కూడా నవ్వాడు. "రాండ్రి, చూడుండ్రి" అని నేను ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాను. ఆమె మధ్యలో నిలబడి రెండు చేతులూ చాపింది. ఒక చెయ్యి గోడకు తగిలింది, ఒక చెయ్యి డబ్బాల అరకు తగిలింది. తన ఇంట్లోనూ అంతేనని చూపించింది. ఇంకా చిన్నదేమో, మోచేతులు దగ్గరికి లాక్కుని చూపించింది. టీచరమ్మ తలుపు దగ్గరికి వచ్చి లోపలికి తొంగిచూసింది.

"నేను పట్ట. మీరే మాట్లాడుకోండ్రి" అని నా పీట మీద కూర్చుంది.

వచ్చినవాళ్ళకు పూరీలు చేద్దామని పిండి కలిపి తడిగుడ్డ కప్పి పెట్టాను. లేన తల్లి గుడ్డ ఎత్తింది. పిండిని చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, తల అడ్డంగా ఊపింది. వేలి ఉంగరం తీసి ఉప్పుడబ్బా మీద పెట్టింది. ఇక పిసకడం మొదలుపెట్టింది చూడండి! కార్ఖానాలో ఎన్ని బస్తాల పిండి చూసిన చేతులో. నా పిండికి వంక పెట్టినందుకు నాకు ఒక పక్క రోషం, ఒక పక్క పట్టలేని సంతోషం. ఆమె ఉండలు చేస్తే నేను ఒత్తాను. నేను ఒత్తితే ఆమె వేయించింది. మొదటి పూరీ బెలూన్‌లా పొంగగానే ఆమె చిన్నపిల్లలా కేక వేసింది. ముందుగదిలో పెద్దమనుషులు మాటముచ్చట మరచిపోయి, వాసనకు వంటింటి వైపు మెడలు చాపుతున్నారు.

ఆమె ఆ పిండి చేతులతోనే బయటికి వచ్చి అందరి ముందూ నిలబడింది. టీచరమ్మ లేచి పక్కన చేరింది. ఆమె ఒక మాట, ఈమె ఒక మాట.

"నాకు ఒక్కతే బిడ్డ."

"పొద్దంత కార్ఖానల పని చేసి సాదుకున్న."

"ఇయ్యాల ఆమెకు ఒక వంటిల్లు దొరికింది, నేను చూసిన."

ఆ తర్వాత లేన తల్లి కూతురి చెయ్యి పట్టి మా వైపు చాపి చిన్న మాట అంది. టీచరమ్మ నోరు తెరిచి, ఆగిపోయింది. అరచేతులు రెండూ ఎదురెదురుగా లేచాయి గాని, కొలవడానికి అక్కడ ఏమీ లేదు.

పెళ్ళీ బిడ్డా లేని మనిషి ఎందుకు ఆగిందో మాకందరికీ తెలుసు. చర్చిలో తర్జుమాకు ఒక కట్టుబాటు ఉంది. ప్రసంగీకుడు 'నేను' అంటే తర్జుమా చేసేవాడూ 'నేను' అనాలి. 'ఆయన అంటున్నాడు' అనకూడదు. ఈ కట్టుబాటు మా సంఘంలో నిలబెట్టింది ఆమే. పెళ్ళికాని కుర్రవాళ్ళు 'నా భార్యకు నేనంటే భయం' అని తర్జుమా చేస్తుంటే సంఘమంతా నవ్వేది. ఆమె మాత్రం నవ్వేది కాదు. "అంటున్నడు అన్నవంటే నువ్వు పక్కకు తప్పుకున్నట్టు. తప్పుకునేటోడు ఆడ నిలబడొద్దు" అనేది.

మా ఆయనకు జాలి వేసింది. "పర్వలేదు టీచరమ్మా, 'ఇస్తా అంటాంది' అనుండ్రి, సమజైతది" అన్నాడు.

ఆమె ఆయన వైపు కోపంగా చూసింది. దగ్గింది. చర్చి చివరి బెంచీకి వినిపించే గొంతుతో అంది.

"నా బిడ్డను మీకిస్తున్న."

ఆ రోజు మా ముందుగదిలో లేచిన ఆమెన్‌కు వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు.

పెళ్ళి మా చర్చిలోనే అయింది. సెలవు అయిపోయి లేన తల్లి వెళ్ళిపోయింది. ఈ వానాకాలం టీచరమ్మను మట్టికి అప్పగించినప్పుడు సమాధి దగ్గర అయ్యగారు, "కుటుంబ సభ్యులు ముందుకు రావాలె" అన్నారు. ఎవరూ చుట్టూ చూడలేదు. లేన వెళ్ళి నిలబడి మొదటి గుప్పెడు మట్టి వేసింది. కొత్తగా వచ్చిన ఒకావిడ నా చెవిలో, "ఆ తెల్లపిల్ల ఏమైతది ఆమెకు?" అని అడిగింది. బిడ్డ అని చెప్పాను. ఎలా అంటే, అప్పుడు చెప్పే వీలు లేదు, ఇప్పుడు చెబుతాను.

పెళ్ళయి కొద్దిరోజులే. కొత్తకోడలికి తల్లిగారింటి నుంచి సారె రావాలి, పిల్లను తోల్కపోవడానికి మనుషులు రావాలి. అది మా దగ్గర ఉన్నదే. లేనకు ఎక్కడి నుంచి వస్తుంది? పక్కింటి కొత్తకోడలికి సారె వచ్చినప్పుడు లేన గేటు పట్టుకుని చూస్తూ నిలబడింది. ఆ శనివారం పొద్దున మా గేటు ముందు ఆటో ఆగింది. ముందు ఒక గంప దిగింది, తర్వాత ఇంకో గంప, ఆ తర్వాత ఊదారంగు స్వెట్టరు.

మా ఆయన పేపరు పట్టుకుని బయటికి పోయాడు. "గివన్ని ఏంది టీచరమ్మా?"

"కండ్లు కనబడ్తలేవా? సకినాలు, లడ్డూలు. ఇది చీర. సారె."

"సారెనా! ఎవరి తరఫున?"

"తల్లిగారి తరఫున."

"ఏ తల్లిగారు?"

"ఆ దినం గింతమంది ముందట నా నోటితోని 'నా బిడ్డను మీకిస్తున్న' అన్ననా, అనలేదా? నువ్వే గట్టిగ ఆమెన్ అన్నవు. బిడ్డనిచ్చినోళ్ళు ఉత్తచేతుల వస్తరా? గంప పట్టు, ఆటో ఆయన ఆగిండు."

మా ఆయన పేపరు కింద పడేసి గంప ఎత్తుకున్నాడు. లేన అప్పటికే మెట్లు దిగి వస్తోంది, చెప్పులు కూడా లేకుండా. వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. లేన లోపలికి పరుగెత్తి, నాలుగు బట్టలు సంచీలో కుక్కుకుని, నన్ను ఒకసారి గట్టిగా పట్టుకుని, ఆటో ఎక్కి కూర్చుంది. నేను ఇంకా గుంజలా అక్కడే నిలబడి ఉన్నాను.

"మరి ఎన్నడు తోలిస్తరు?" అని అరిచాను.

ఆటో కదిలింది. టీచరమ్మ తల బయట పెట్టింది.

"తల్లిగారింటికి వచ్చిన పిల్లను తోలిచ్చుడు తల్లి ఇష్టం!"